పర్లాకిమిడిలో చెవి మిషన్లు అమర్చే కేంద్రం: ఎనిమిది నెలల అనుభవం

మా అమ్మకు 74 ఏళ్లు. పుట్టిల్లు ఆంధ్రలోని పాతపట్నం, మెట్టినిల్లు ఒడిశాలోని పర్లాకిమిడి. రెండూ మహేంద్రతనయ ఒడ్డు ఊళ్లే కాబట్టి రాష్ట్రం మారినా ఆమెకు నీళ్లు మారలేదు, మాటా మారలేదు. ఒడియా అర్థమవుతుంది, బజారులో బేరమాడేంత మాట్లాడగలదు, కాని నొప్పి చెప్పుకోవలసి వస్తే తెలుగే కావాలి. నాలుగైదేళ్లుగా ఆమెకు వినికిడి తగ్గుతూ వచ్చింది. మొదట టీవీ శబ్దం పెంచమనేది. తర్వాత టీవీ చూడడమే మానేసింది. ఇంటికి ఎవరైనా వస్తే కాసేపు కూర్చుని, వాళ్లు నవ్వినప్పుడు తానూ నవ్వి, మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. అది మొహమాటమనుకున్నాం గాని చెవుడని గుర్తించడానికి మాకు చాలాకాలం పట్టింది.

ఈ కేంద్రం గురించి చెప్పే ముందు రెండేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను దీన్ని ఎందుకింత మెచ్చుకుంటున్నానో చదివేవారికి అర్థం కాదు. అప్పట్లో అమ్మను ఒక పెద్ద నగరంలో చెవి మిషన్లు అమ్మే దుకాణానికి తీసుకువెళ్లాను. రోడ్డు మీది హారన్లన్నీ వినబడుతున్న గదిలో పది నిమిషాల్లో పరీక్ష ముగించి, ధర 65 వేలని చెప్పి, ఈ రోజే తీసుకుంటే 40 వేలకిస్తామని దిగి, నేను లేవబోతే 38 వేల దగ్గర ఆగారు. ఆ గంటసేపట్లో అమ్మను పలకరించినవారు లేరు. "ఆవిడకు ఏం ఇబ్బంది?", "ఆవిడకు షుగర్ ఉందా?" అని అన్నీ నన్నే అడిగారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది: "చెవి నాది చూసేరు, బేరం నీతో ఆడేరు." ఆ మిషన్ పదకొండు రోజులు పెట్టుకుంది. కీచుమని కూత, గిన్నెలు తగిలితే తలలో సుత్తి పెట్టి కొట్టినట్టు చప్పుడు. ఫోన్ చేస్తే అలవాటు పడాలన్నారు. మిషన్ బీరువాలోకి వెళ్లింది, అమ్మ వంటింట్లోకి వెళ్లింది.

అందుకే మన ఊళ్లోనే, బస్టాండు నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, మందుల దుకాణం పై అంతస్తులో వారానికి మూడు రోజులు ఒక ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షించి మిషన్లు అమర్చే నిపుణురాలు) కూర్చుంటున్నారని తెలిసినప్పుడు కూడా నేను వెంటనే కదలలేదు. అమ్మ అసలు రానంది. చివరికి, ఏమీ కొనబోమని, ఊరికే చూపించుకుని వద్దామని మాట ఇచ్చి తీసుకువెళ్లాను. ఆ మాట నిలబెట్టుకునే అవకాశం ఆ డాక్టరమ్మే ఇస్తారని నేను ఊహించలేదు. (ఆడియాలజిస్టు ఎంబీబీఎస్ డాక్టరు కారు. ఆ సంగతి ఆవిడే మొదట చెబుతారు, కాని మన ఊరి అలవాటు కొద్దీ నేనూ డాక్టరమ్మ అనే రాస్తున్నాను.)

ఆవిడది బరంపురం వైపు. ఇంట్లో ఒడియా, తెలుగు ఇక్కడి రోగుల దగ్గర నేర్చుకున్నది. క్రియలు అక్కడక్కడ తప్పుతాయి. అమ్మ గదిలోకి రాగానే ఆవిడ లేచి, తన కుర్చీని కిటికీకి వీపు పెట్టిన చోటు నుంచి జరిపి, వెలుతురు తన ముఖం మీద పడేటట్టు వేసుకుని, అమ్మకు ఎదురుగా మూరెడు దూరంలో కూర్చున్నారు. వినికిడి తగ్గినవారు సగం మాట పెదవుల్లోంచి, కళ్లలోంచి పట్టుకుంటారు. కిటికీ వెనకాల ఉంటే మాట్లాడేవారి ముఖం నల్లటి నీడలా కనిపించి ఆ సగమూ పోతుందట. మా ఇంట్లో నేను రోజూ కూర్చునే చోటు కిటికీకి వీపు పెట్టేదే. నాలుగేళ్లుగా నేను చేస్తున్న తప్పు ఆ కుర్చీ జరపడంలో నాకు కనబడింది.

"మిమ్మల్ని ఏమని పిలవను?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. అలవాటుగా మావుసీ (ఒడియాలో పిన్ని) అనబోయి ఆగి అడిగారు. అమ్మ నా వైపు చూసింది. నేను జవాబు చెప్పబోతుంటే ఆవిడ చేయి కొంచెం ఎత్తి నన్ను ఆపారు, కోపంగా కాదు. కొంతసేపటికి అమ్మే, "మామ్మా అను, చాలు" అంది. ఆ తర్వాత మొత్తం పరీక్షలో నేను చెప్పవలసిన జవాబులు రెండో మూడో. మిగతావన్నీ మామ్మగారే చెప్పారు.

ఆ రోజు పరీక్ష జరగలేదు. చెవిలోకి చూసే గొట్టం పెట్టే ముందే దాన్ని అమ్మ చేతికి ఇచ్చి, ఇది లోపలికి ఎంతవరకు వెళుతుందో తన చిటికెన వేలి గోరు చూపించి చెప్పి, అప్పుడు చూశారు. ఎడమ చెవిలో గులిమి గట్టిపడి దారి మూసుకుని ఉంది. గులిమి ఉండగా పరీక్ష చేస్తే లెక్క తప్పు వస్తుందని, ముందు చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గర తీయించుకుని రమ్మని, ఇంట్లో పిన్నీసులతో, వేడి నూనెతో ప్రయత్నించవద్దని చెప్పి పంపించేశారు. ఫీజు అడిగితే, పరీక్ష చేయనప్పుడు ఫీజు ఏమిటన్నారు. ఇది చిన్న విషయమే. కాని మెట్లు దిగుతూ అమ్మ, "మళ్లీ ఎప్పుడు రమ్మంది?" అని నన్ను అడిగింది.

రెండోసారి వెళ్లినప్పుడు గంటంబావు పట్టింది. చిన్న గది, గోడలకు శబ్దాన్ని పీల్చే పలకలు, మధ్యలో కుర్చీ. తలుపు మూస్తే ఎలా ఉంటుందో ముందే చెప్పి, భయమేస్తే అద్దంలోంచి చేయి ఊపమని, తాను అమ్మకు కనబడే చోటే కూర్చుంటానని చెప్పారు. హెడ్‌ఫోన్లు పెట్టి, 250 హెర్ట్జ్ (మంద్రం) నుంచి 8000 హెర్ట్జ్ (తారం) వరకు ఒక్కో స్వరాన్ని తగ్గిస్తూ, పెంచుతూ వినిపించి, అమ్మ బటన్ నొక్కిన చోటల్లా పటం మీద చుక్క పెట్టి, ఆ చుక్కలను గీతగా కలుపుతారు. తర్వాత చెవి వెనక ఎముక మీద ఇంకొకటి పెట్టి మళ్లీ చేస్తారు. గాలి ద్వారా వినబడేదీ ఎముక ద్వారా వినబడేదీ పోల్చి చూస్తే, లోపం బయటి, మధ్య చెవిలో ఉందో, లోపలి చెవిలో ఉందో తెలుస్తుంది. అమ్మది లోపలి చెవి. వయసుతో వచ్చేది. మంద్ర స్వరాలు బాగానే వినబడి, గీత కుడివైపుకు వెళ్లేకొద్దీ కొండ దిగినట్టు దిగిపోయింది.

ఆ గీతను ఆవిడ అమ్మకే చూపించి చెప్పారు. అచ్చులన్నీ గీతకు ఎడమ వైపున ఉంటాయి, అవి వినబడుతున్నాయి. క, త, ప, స వంటి హల్లుల పదును కుడి వైపున ఉంటుంది, అది జారిపోతోంది. అందుకే మామ్మగారికి "మాట వినబడుతుంది, ఏం మాటో తెలీదు". పప్పు అంటే కప్పు అవుతుంది. అమ్మ వెంటనే నా వైపు తిరిగి, "సూసేవా, నేను వినకుండా ఊరుకోడం లేదు" అంది. నాలుగేళ్లుగా మేము ఇంట్లో గట్టిగా అరుస్తున్నాం. అరిస్తే పెరిగేది ఎక్కువగా అచ్చులే, హల్లులు కావు. పైగా అరిచిన ముఖం కోపంగా ఉంటుంది.

మాటల పరీక్ష తెలుగులో చేశారు. నోటికి అట్ట అడ్డం పెట్టుకుని రెండక్షరాల మాటలు ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంటే అమ్మ తిరిగి చెప్పాలి. ఒడియా మాటలతో చేస్తే చెవి తప్పో భాష తప్పో తేలదు కాబట్టి, ఎవరి భాషలో వారికే చేస్తారట. మా ముందు ఒక సవర ముసలావిడను కొండ మీది ఊరి నుంచి మనవరాలు తీసుకువచ్చింది. డాక్టరమ్మకు సవర రాదు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో రోజూ వాడే మాటలు పాతిక చెప్పించి, వాటిని తెలుగు లిపిలో కాగితం మీద రాసుకుని, ఆ పిల్ల చేతే నోటికి అట్ట పెట్టించి చదివించారు. ఇది పుస్తకంలో చెప్పిన పరీక్షకు సమానం కాదని, అంచనాకు మాత్రమే పనికొస్తుందని ఆ పిల్లకు చెప్పారు కూడా.

ఆ కాగితాన్ని చూస్తుంటే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, వారి భాషలోనే వారికి చదువు చెప్పాలని చేతి డబ్బు పెట్టి బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి ఆయన వినికిడి పోగొట్టుకున్నారని చెబుతారు. ఎదుటివారి మాట వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్న మనిషి ఊళ్లో, చెవులు పోయినవారి దగ్గర వారి మాటలోనే కూర్చునే కేంద్రం ఒకటి ఉండడం నాకు ఎందుకో సబబుగా అనిపించింది.

ఇక అసలు విషయం. పరీక్ష అయ్యాక పాత మిషన్ ఉంటే చూపించమన్నారు. సంచిలోంచి తీసి సిగ్గుపడుతూ ఇచ్చాను. కంప్యూటర్‌కు తగిలించి చూసి ఆవిడ చెప్పింది ఇది: మిషన్ మంచిదే, అమ్మగారి వినికిడికి సరిపోతుంది కూడా. కాని కొన్నప్పుడు అన్ని స్వరాలనూ ఒకే మేరకు పెంచి ఇచ్చేశారు. వినబడుతున్న మంద్ర స్వరాలు కూడా పెరిగిపోవడం వల్లే గిన్నెల చప్పుడు తలకు తగిలింది. చెవిలో పెట్టే రబ్బరు బుడిపె అందరికీ ఒకే కొలతలో వచ్చేది కాబట్టి పక్కనుంచి శబ్దం బయటికి జారి, మళ్లీ మైకులోకి వెళ్లి కూత పెడుతోంది. చెవి కొలతకు మౌల్డు (ఆ చెవికే సరిపోయేటట్టు అచ్చుపోసిన బుడిపె) చేయించి, మిషన్‌ను ఈ గీత ప్రకారం సరిచేస్తే చాలు, కొత్తది అక్కర్లేదు. మౌల్డుకు 1,500, సరిచేసినందుకు 500, పరీక్షకు 400. ఎదురుగా అద్దాల బీరువాలో కొత్త మిషన్లు వరసగా ఉన్నాయి. వాటి ధరలు కాగితం మీద రాసి అతికించి ఉన్నాయి. బేరం లేదు. "రెండు చెవులకూ పెట్టుకుంటే ఇంకా మేలు, ఆ మాట దాచను. కాని ముందు ఒక చెవి అలవాటు కానివ్వండి, మూడు నెలల తర్వాత మామ్మగారే చెబుతారు" అన్నారు.

మౌల్డుకు అచ్చు తీసే పని నేను దగ్గరగా చూశాను. ముందు దారం కట్టిన చిన్న దూది ఉండను చెవిలోకి పెట్టి, అచ్చు పదార్థం కర్ణభేరి దాకా పోకుండా ఉండడానికి ఇది అడ్డమని చెప్పారు. రెండు రంగుల ముద్దలను అరచేతిలో కలిపి, సిరంజిలోకి ఎక్కించి, అందులో కొంచెం ముందు అమ్మ ముంజేతి మీద పెట్టారు. "చెవిలోనూ ఇంతే చల్లగా ఉంటుంది. చెవి నిండిపోయినట్టు ఉంటుంది. ఏమీ వినబడదు. ఐదు నిమిషాలు. నేను ఇక్కడే ఉంటాను, గడియారం చూస్తూ వేళ్లు చూపిస్తాను." అన్నట్టే ఐదు వేళ్లు, నాలుగు వేళ్లు, మూడు వేళ్లు. రెండు వేళ్లు చూపించేసరికి అమ్మ తన కుర్చీ చేతిని వదిలి ఒడిలో చేతులు పెట్టుకుంది.

అలవాటు చేసే పద్ధతి కూడా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చారు. మొదటి వారం రోజుకు రెండు మూడు గంటలు, ఇంట్లో, ఒక్కరితో మాట్లాడేటప్పుడు మాత్రమే. రెండో వారం వంటింట్లో. బజారు, పెళ్లి, గుడి నెల తర్వాత. శబ్దం కూడా మొదట కావలసినదానికన్నా తక్కువే పెట్టి మూడు విడతల్లో పెంచారు. ఇంటికి వచ్చిన రోజు అమ్మ మొదట విన్నది మా మాట కాదు, సామాను తెచ్చిన పల్చటి ప్లాస్టిక్ కవరు. "ఏటర్రా, కవరు ఇంత చప్పుడు చేస్తాదా?" అని దాన్ని రెండుసార్లు నలిపి చూసింది. తర్వాత తన చెప్పుల చప్పుడు విని వెనక్కి తిరిగి చూసింది. ఇవన్నీ ముందే చెప్పారు కాబట్టి ఆమె బెదరలేదు. పాత దుకాణంలో ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మిషన్ రెండేళ్లు బీరువాలో ఉండేది కాదేమో.

పొరపాటు ఒకటి జరిగింది. మౌల్డు అంచు ఒక చోట పదునుగా ఉండి నాలుగో రోజుకు చెవిలో పుండులాగా ఎర్రబడింది. ఫోన్ చేస్తే, ఓర్చుకోమనలేదు. వెంటనే తీసేసి, తగ్గేవరకు పెట్టవద్దన్నారు. మరుసటి సారి వెళితే, "తప్పు నాది, అంచు నేను చూసుకోవాల్సింది" అని అమ్మతోనే చెప్పి, అక్కడే చిన్న మిషన్‌తో అంచు అరగదీసి, తన వేలితో తడిమి, అమ్మ వేలితో తడిమించి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. నిజానికి అమ్మకు ఆవిడ మీద గురి కుదిరింది ఆ రోజే అని నా అనుమానం.

అమ్మకం వద్దనుకోవడం అక్కడ ఇంకో రెండుసార్లు చూశాను. ఒకాయనకు ముందు రోజు పొద్దున లేచేసరికి ఒక చెవి పూర్తిగా మూసుకుపోయిందట, కొడుకు మిషన్ పెట్టించాలని తీసుకువచ్చాడు. ఆవిడ మిషన్ల మాటే ఎత్తనివ్వలేదు. ఉన్నట్టుండి వినికిడి పోవడం అత్యవసరమని, రోజులు గడిచేకొద్దీ తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుందని చెప్పి, అప్పటికప్పుడు ఆస్పత్రికి పంపారు. ఇంకొకామె కూలిపని చేసుకునే మనిషి. చీర కొంగున కట్టుకొచ్చిన డబ్బు విప్పుతుంటే ఆవిడ ఆపి, 60 ఏళ్లు దాటిన పేదవారికి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వినికిడి మిషన్ ఉచితంగా ఇచ్చే వీలుందని, శిబిరం ఎప్పుడు పెడతారో కనుక్కోమని, ఏ కాగితాలు కావాలో రాసి ఇచ్చారు. 2017లో మన నెల్లూరులోనే మొదలైన పథకమది. మనలో ఎంతమందికి దాని పేరైనా తెలుసు?

బ్యాటరీల సంగతి క్లుప్తంగా చెబుతాను. మా మిషన్‌కు నారింజ రంగు చీటీ ఉన్న 13 నంబరు బ్యాటరీ. చీటీ తీశాక గాలి తగిలితేనే అది పని మొదలుపెడుతుంది, కాబట్టి తీసిన వెంటనే బిగించకుండా రెండు మూడు నిమిషాలు బయట ఉంచాలి. మాకు ఒక్కోటి పది పన్నెండు రోజులు వస్తోంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే పాత బ్యాటరీలు అందనివ్వకూడదు, మింగితే ప్రాణం మీదకు వస్తుంది. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ అమ్మతో పాటు నన్నూ, మా అబ్బాయినీ పిలిచి ముగ్గురికీ చెప్పారు. రాత్రిపూట మిషన్‌ను సిలికా జెల్ డబ్బాలో పెట్టాలి. మన వైపు చెమటకు, వానాకాలపు తేమకు ఇది తప్పదు.

లోపాలు లేవా? ఉన్నాయి, వాటిలో ఒకటి పెద్దది. మెట్లు పదిహేడు, పిట్టగోడ ఒకవైపే. మోకాళ్ల నొప్పులున్న ముసలివారే ఎక్కువగా వచ్చే చోటు పై అంతస్తులో ఉండడం ఏ లెక్కనా సరికాదు. ఎక్కలేని వారిని కింది మందుల దుకాణం కుర్రాళ్లు కుర్చీలో మోసుకువస్తారు. అలా మోయించుకోవడం మా అమ్మలాంటివారికి ఎంత చిన్నతనమో ఇంత బాగా మనిషిని చూసుకునే ఆవిడకు తట్టకపోవడం నాకు ఆశ్చర్యం. అద్దె మాట చెప్పారు, ఒప్పుకుంటాను, కాని కనీసం రెండోవైపు ఇనుప కమ్మీ పెట్టించవచ్చు. టోకెన్లు లేవు, ముందు వచ్చినవారు ముందు, గునుపూరు రైలు దిగి వచ్చేవారు ఒక్కోసారి మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. అచ్చు కాగితాలన్నీ ఒడియా, ఇంగ్లిష్‌లలోనే ఉన్నాయి. మాకు తెలుగులో చేతితో రాసి ఇచ్చింది సహాయకురాలు, ఆ అమ్మాయి రాని రోజు అదీ ఉండదు. సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఎత్తరు. కరెంటు పోతే పరీక్ష మధ్యలో ఆగుతుంది. మాకు ఒకసారి అలా జరిగి మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది.

అయినా నేను వెళ్లమనే చెబుతాను. ఈ ఎనిమిది నెలల్లో అమ్మ ఐదుసార్లు వెళ్లింది, అందులో చివరి రెండుసార్లు నేను లేకుండా, పక్కింటి పిన్నితో. సాయంత్రాలు మళ్లీ అరుగు మీద కూర్చుంటోంది. గుంపులో నలుగురు ఒకేసారి మాట్లాడితే ఇప్పటికీ అర్థం కాదు. మిషన్ దాన్ని పూర్తిగా తీర్చలేదని మొదటి రోజే చెప్పారు కాబట్టి మాకు ఆశాభంగమూ లేదు. రెండో చెవికి పోయిన నెల ఒక మిషన్‌ను వారం రోజులు ఇంటికి ఇచ్చి పంపారు, 2,000 బయానా తీసుకుని, తిరిగి ఇచ్చిన రోజు మొత్తం వెనక్కి ఇచ్చారు. తేడా బాగా ఉందని అమ్మే ఒప్పుకుంది. కొనే మాట మాత్రం సంక్రాంతి వెళ్లాక చూద్దామంది. ఆవిడ సరేనన్నారు, అంతకుమించి ఒక్క ఫోనూ రాలేదు.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. సోమ, గురు, శనివారాల్లో ఉదయం తొమ్మిదిన్నర లోపు చేరుకోండి. పాత మిషన్ పనికిరాదని పక్కన పెట్టేసి ఉంటే, డబ్బాతో, బిల్లుతో సహా దాన్ని వెంట తీసుకువెళ్లండి. మీరు ఏ ఊళ్లో చూపించుకున్నా, మిషన్ పెట్టేవారు భారత పునరావాస మండలిలో నమోదైనవారేనా అని అడగండి. ఇక్కడ ఆ పత్రం గోడకు, తలుపు తీయగానే ఎదురుగా ఉంది. పెద్దవాళ్లను తీసుకువెళ్లినవారు వాళ్ల పక్కన కాక కొంచెం వెనకగా కూర్చోండి. అడగకుండా జవాబు చెప్పబోతే ఆవిడ చేయి ఎత్తుతారు.